ఐదో సంతకం

ఎబెన్‌బర్గ్, సస్కాచెవాన్
10 మార్చి 2024

సెనైత్‌కు,

నీ ఉత్తరం అందింది. వెతికి వెతికి చూశాను, ఒక్క తప్పు లేదు. నా ఎర్రపెన్నుకి పని లేకుండా పోయిందని కాస్త దిగులేసింది కూడా. మా వంటింటి బల్ల దగ్గర నీకు ఇంగ్లీషు నేర్పిన ఏడాదంతా నీకు ఒకటే షరతు పెట్టాను, ఎక్కడికి వెళ్ళినా ఫోన్ కాదు, ఉత్తరమే రాయాలని. కాల్గరీ వెళ్ళి ఏడాదిన్నర అవుతున్నా మాట తప్పలేదు. పంతులమ్మలకి ఇంతకంటే ఏం కావాలి?

అసలు సంగతి చెప్తాను, కుర్చీలో కూర్చుని చదువు. నిన్న చర్చి బేస్‌మెంట్‌లో సమావేశమయ్యాం. మీ తమ్ముడు మెర్హావిని కంపాలా నుంచి శరణార్థిగా పిలిపించడానికి అందరూ సరేనన్నారు! మీ ముగ్గురినీ పిలిపించినట్టే. ఐదుగురు సంతకం చేయాలి, ఐదుగురూ అతను దిగే ఊళ్ళోనే ఉండేవాళ్ళై ఉండాలి, ఏడాదిపాటు అతని తిండీ బట్టా నీడా వాళ్ళ పూచీ. నేను పెట్టాను. కాగితాల పని చూసే మెన్నో పెట్టాడు. పాస్టర్ లోర్నా పెట్టింది. ఈసారి వృద్ధాశ్రమంలో పనిచేసే ఫిలిప్పీన్స్ పిల్ల రోవెనా కూడా పెట్టింది. "నన్నూ ఒకరు పిలిస్తేనే కదా వచ్చాను" అంది.

నలుగురయ్యారు. ఐదో ఆయన విత్తనాలు పడ్డాక చూద్దామన్నారు. మా వాళ్ళ సంగతి నీకు తెలియనిదా, ట్రాక్టరు షెడ్డులోంచి బయటికి వచ్చాక వీళ్ళకి దేవుడు కూడా కనపడడు. మే నెల దాటితే అయిపోతుంది.

మీ పాప ఆడియమ్‌కి నా ముద్దులు. మీ ఆయన తెస్ఫాయ్‌ని ఆ బేకరీలో రాత్రి షిఫ్టులు తగ్గించుకోమను.

ఇర్మా


కాల్గరీ
14 ఏప్రిల్ 2024

ఇర్మా అమ్మకు,

మీ ఉత్తరం తెస్ఫాయ్ చదివాడు, నేను చదివాను, ఆడియమ్ చేత బిగ్గరగా చదివించాం. తర్వాత ముగ్గురం కూర్చుని ఏడ్చాం. ఆడియమ్‌కి ఎందుకేడుస్తున్నామో తెలియదు, మేం ఏడుస్తున్నామని ఏడ్చింది.

మెర్హావి గురించి మీకు అన్నీ చెప్పలేదు. ఖార్టూమ్‌లో ఫ్రిజ్‌లు బాగుచేసుకుని బతికేవాడు. యుద్ధం మొదలయ్యాక పనిముట్ల సంచీ ఒక్కటి భుజాన వేసుకుని నడిచాడు, లారీలెక్కాడు, కంపాలా చేరాడు. ఇప్పుడు ఒక గదిలో ఏడుగురు. పోయిన నెల వాళ్ళలో ఇద్దరు, అక్కణ్ణుంచి సముద్రం దాటి యూరప్ చేరదామని లిబియా దారి పట్టారు. ఒకడి నుంచి కబురు లేదు. రెండోవాడిని ఎవరో పట్టుకుని, వదలాలంటే డబ్బు పంపమని వాళ్ళమ్మకి ఫోన్ చేస్తున్నారట. అయినా మెర్హావి "అక్కా, ఇంకో వానాకాలం ఈ గదిలో ఉండలేను, నేనూ పోతాను" అంటున్నాడు. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు. ఆదివారం తెల్లవారకముందే లేచి ఫోన్ దగ్గర కూర్చుంటాను.

ఇక్కడి మా వాళ్ళని అడగలేదనుకోకండి. ప్రతివాళ్ళూ ఎవరో ఒక అన్నకో మరదలికో ఇప్పటికే సంతకం చేసి ఉన్నారు. మా చర్చి వరసలో పేరు రాయిస్తే ఆరేళ్ళకి గానీ పిలుపు రాదు. నాకున్నది మీ ఊరే.

ఆడియమ్ ఇప్పుడు హాకీ జట్టులో ఆడుతోంది. ఎవరు నేర్పారని అడిగితే "మా ఓపా" అంటుంది. మీ పిల్లలు తాతని పిలిచే పిలుపుని ఈ ఎరిత్రియా పిల్ల నోట విని ఇక్కడి వాళ్ళు నోరు తెరుస్తారు. ఓపా ఎలా ఉన్నారు? ఆయన నాలుగు ముక్కలైనా రాయరేం?

సెనైత్


ఎబెన్‌బర్గ్
23 జూన్ 2024

సెనైత్ తల్లీ,

విత్తనాలు పడ్డాయి. వాన పడలేదు. ఐదో ఆయన ఇప్పుడు ఎండుగడ్డి కోతలు కానివ్వమంటున్నారు. నేను అడుగుతూనే ఉన్నాను. ఇక్కడ ఎవరూ కాదని అనరని నీకు తెలుసు కదా. కాదనడానికి బదులు తలుపు తీసి కేకు పెట్టి, వాతావరణం గురించి మాట్లాడి పంపేస్తారు.

నీ దగ్గర దాపరికమెందుకు, గాలి మారింది. టీవీ పెడితే అదే మాట. జనం ఎక్కువయ్యారు, ఇళ్ళు చాలట్లేదు, ఆస్పత్రిలో వరస తరగట్లేదు. దేశంలో సగానికి పైగా ఇక చాలంటున్నారట. కో-ఆప్ దుకాణంలో పొద్దున్నే కాఫీ చుట్టూ చేరే ముసలాళ్ళు తెలుసుగా. మొన్న నేను పాలకని వెళ్తే రుడీ అందరికీ వినబడేలా అన్నాడు:

"ఒకప్పుడు కెనడా అంటే ఊరు. ఇప్పుడు రైలుస్టేషను. దిగేవాళ్ళు దిగుతారు, ఎక్కేవాళ్ళు ఎక్కుతారు."

ఊరుకుంటానా? "మీ తాత దిగింది స్టేషన్లోనే కదయ్యా రుడీ, మూటా ముల్లెతో, ఒక్క ముక్క ఇంగ్లీషు రాకుండా! మన జర్మన్ బడులు ఇంగ్లీషు బడులు చేస్తుంటే గుండెలు బాదుకున్నది మన తాతలు కాదూ?" అన్నాను.

"దిగాడు. దిగినచోటే ఉన్నాడు, ఇర్మా. ఏరు దాటి తెప్ప తగలెయ్యలేదు" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నేను పాలు మర్చిపోయి వచ్చేశాను. వాడు దుర్మార్గుడు కాదు సెనైత్. మీ సోఫా మూడో అంతస్తుకి వీపు మీద మోసింది వాడే.

అందుకని ఒక మాట అడుగుతున్నాను, ఏమీ అనుకోకు. మెర్హావి వస్తే ఇక్కడే ఉంటాడా? రెండేళ్ళైనా? నువ్వు అలా ఒక్క ముక్క రాస్తే ఐదో ఆయనకి చూపిస్తాను.

ఇర్మా


కాల్గరీ
21 జులై 2024

ఇర్మా అమ్మకు,

ఏమీ అనుకోవద్దన్నారు. అనుకున్నాను. నాలుగు వారాలు అనుకుంటూనే ఉన్నాను.

పౌరసత్వ పరీక్షకి చదువుతున్నాను. ప్రభుత్వం వాళ్ళ పుస్తకంలో రాసి ఉంది, ఈ దేశంలో ఎవరైనా ఎక్కడికైనా వెళ్ళి బతకవచ్చని. రుడీని అడిగి వెళ్ళాలని ఎక్కడా లేదు, రెండుసార్లు చూశాను. మీ ఊళ్ళో బడికి పిల్లలు సగమయ్యారని మీరే చెప్పేవారు. వాళ్ళంతా ఎక్కడికి పోయారు? సస్కటూన్, ఎడ్మంటన్, వాంకూవర్. వాళ్ళు పోతే పైకొచ్చారంటారు. మేం పోతే విశ్వాసం లేనివాళ్ళం. తెస్ఫాయ్‌కి మీ ఊళ్ళో పని ఎక్కడుందమ్మా? ధాన్యం గోదాములో మూడు నెలలు, తర్వాత మంచు తవ్వడం. నెల నెలా మీరు తెచ్చే సరుకుల సంచుల కోసం తలుపు వంక చూస్తూ కూర్చోవడం ఆయనకి ఎంత నామోషీగా ఉండేదో మీకు తెలియదు. మేం చెప్పలేదు.

ఇంకో సంగతీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

ఏప్రిల్ చివర మెర్హావి సంచీ సర్దుకున్నాడు. లిబియాకి తీసుకెళ్ళేవాడితో మాట్లాడుకున్నాడు కూడా. ఫోన్‌లో కాళ్ళావేళ్ళా పడ్డాను, వినలేదు. అప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది, "కాగితాలు వెళ్ళిపోయాయిరా, ఐదు సంతకాలూ అయ్యాయి, నిన్ననే పంపారు" అని.  మెర్హావి పెద్దగా అరిచాడు, గదిలో వాళ్ళందరికీ చెప్తున్నాడు. సంచీ విప్పేశాడు.

అబద్ధం చెప్పాను. మే నెలలో నిజమైపోతుంది కదా అనుకున్నాను. ఇప్పుడు జులై. కోపంగా మొదలుపెట్టాను గానీ నా కోపం విలువెంత? ఆ ఐదో ఆయన ఎవరో చెప్పండి. నేనే బస్సెక్కి వచ్చి ఆయన గుమ్మంలో కూర్చుంటాను.

సెనైత్


ఎబెన్‌బర్గ్
8 అక్టోబర్ 2024

సెనైత్‌కు,

మూడు ఉత్తరాలు రాసి చింపాను. కోతలని వంక పెట్టుకున్నాను. కోతలు అయిపోయాయి, మొన్న ఆదివారం చర్చిలో కోతల విందు కూడా అయిపోయింది. ఇంక వంకలు లేవు.

ఐదో ఆయన ఏబ్. మా ఆయన. మీ ఓపా.

ఇన్నాళ్ళూ చెప్పకపోవడానికి సిగ్గే కారణం. అతని మీద కంటే నా మీదే నాకు సిగ్గు. జూన్‌లో పోస్టాఫీసు డారిల్ "నేను పెట్టనా ఇర్మా?" అని తనంతట తానే అడిగాడు. వద్దన్నాను! ఏబ్ భార్య ఏబ్‌ని కాదని ఇంకొకరి దగ్గరికి వెళ్ళిందని కాఫీ బల్ల దగ్గర చెప్పుకుంటే ఈయన తల ఎక్కడ పెట్టుకుంటాడని ఆలోచించాను గానీ మీ తమ్ముడి గురించి ఆలోచించలేదు. నలభై ఆరేళ్ళ కాపురంలో అలవాటైపోయింది, ఈయన్ని లాగకూడదు, ఈయనంతట ఈయనే రావాలి అని. ఇప్పుడు డారిల్ భార్యకి ఒంట్లో బాగోలేక రెజైనా నగరానికి వెళ్ళిపోయారు.

ఏబ్ ఏమంటాడో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఆ అబ్బాయి ఇక్కడ స్థిరపడతాడని కాగితంలో రాస్తున్నాం. అక్క కాల్గరీలో ఉంటే ఇక్కడెందుకుంటాడు? ఉండడని నీకూ తెలుసు, నాకూ తెలుసు. తెలిసి తెలిసి దాని కింద పేరు రాయాలా? మా నాన్న మన చర్చి ఆయుధం ముట్టొద్దంటుందని, తుపాకీ పట్టనని మొహం మీద చెప్పి, సైన్యంలో చేరే బదులు యుద్ధమంతా అడవిలో చెట్లు కొట్టాడు. అబద్ధమాడి తప్పించుకోలేదు."

ఇది పైకి చెప్పేది. లోపలున్నది వేరు. మీరు వెళ్ళిపోయిన వారం గుర్తుందా? ఆ ఆదివారం మీకు వీడ్కోలు విందు. తొంభైమందికి బల్లలు వేసింది ఏబ్. మీరు గురువారమే వెళ్ళిపోయారు. గుమ్మానికి తాళంచెవి, "క్షమించండి" అని ఒక చీటీ. శనివారం ఏబ్ ఒక్కడే వెళ్ళి బల్లలు మడతపెట్టి వచ్చాడు. ఊరందరికీ ఫోన్లు చేసి "ఉద్యోగం తొందరట, పాపం ఏం చేస్తారు" అని మీ తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి రెండేళ్ళుగా కో-ఆప్‌లో వాళ్ళు "ఏం ఏబ్, మనవరాలు ఉత్తరం రాసిందా?" అని పొడుస్తూనే ఉన్నారు. నవ్వుతాడు. ఇంటికొచ్చి మాట్లాడడు. ఆ పిల్లకి స్కేటింగ్ నేర్పడానికి అరవై తొమ్మిదేళ్ళ మనిషి మోకాళ్ళకి పట్టీలు కట్టుకున్నాడు సెనైత్. దేశం నిండిపోయిందంటాడు గానీ ఆయన బాధ దేశం గురించి కాదు.

అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. నువ్వే ఆయనకి రాయి.

ఇర్మా


కాల్గరీ
20 అక్టోబర్ 2024

ఏబ్ గారికి, ఇర్మా అమ్మ చదివి వినిపించాలి,

మీకు నేను చేసిన అవమానం నాకు ఇన్నాళ్ళూ తెలియదు. ఆ విందుకి అంత విలువ ఉందని తెలియదు. అందరూ కలిసి భోంచేస్తారు కాబోలు, మేం లేకపోయినా జరుగుతుంది కాబోలు అనుకున్నాను. తెస్ఫాయ్ పనిలో చేరాల్సింది శుక్రవారం. అది నిజమే. కానీ అడిగితే సోమవారం దాకా ఆగేవాళ్ళు. నేనే అడగొద్దన్నాను.

ఎందుకో చెప్తాను. మా దేశం దాటిన రోజు మా అమ్మ రొట్టెల పిండి కలుపుతోంది. నీళ్ళకి వెళ్తున్నానని చెప్పి బయటికొచ్చాను. నిజం చెబితే ఆమె ఏడుస్తుంది, పక్కింటివాళ్ళు వింటారు, సరిహద్దులో పట్టుబడతాం. అలా వచ్చిన వాళ్ళమే అందరం. మాకు వెళ్ళేటప్పుడు చెప్పడం రాదు. చెబితే వెళ్ళలేమని భయం. మీ ముందు నిలబడి, ఆడియమ్ మీ మెడ పట్టుకుని ఏడుస్తుంటే బస్సెక్కడం నా వల్ల కాదనిపించింది. అందుకని దొంగలా వెళ్ళాను. మా అమ్మ దగ్గర నుంచి ఎలా వెళ్ళానో మీ దగ్గర నుంచీ అలాగే వెళ్ళాను. అది మర్యాద కాదని ఇప్పుడు తెలిసింది. తప్పు నాది, మెర్హావిది కాదు.

అతను అక్కడే ఉంటాడని రాయమన్నారు. రాయలేను. మీరు అబద్ధం మీద పేరు పెట్టనన్నారు, నేనూ మీ చేత పెట్టించను. ఉంటాడో వెళ్తాడో నాకు తెలియదు. ముందు ప్రాణంతో ఉండనివ్వండి. ఎక్కడ ఉండాలో తర్వాత మీరూ అతనూ కూర్చుని పోట్లాడుకోండి. ఫ్రిజ్‌లు బాగా బాగుచేస్తాడు. నోరు ఎక్కువ. మీకు నచ్చుతాడు.

వచ్చే ఆదివారం అతనికేం చెప్పాలో తెలియక రాస్తున్నాను.

మీ సెనైత్


ఎబెన్‌బర్గ్
3 డిసెంబర్ 2024

సెనైత్ తల్లీ,

టపా వాళ్ళు సమ్మెలో ఉన్నారు. ఈ ఉత్తరం ఎప్పుడు కదులుతుందో తెలియదు. ఫోన్ తీశాను, నీ నంబరు నొక్కాను, మోగకముందే పెట్టేశాను. రెండుసార్లు. ఇంత పిరికిదాన్నని నాకు ఈ వయసులో తెలిసింది.

నీ ఉత్తరం ఏబ్‌కి చదివి వినిపించాను. కాగితం అడిగి తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మూడు వారాలు అది జేబులోనే ఉంది. చొక్కా మార్చినప్పుడల్లా జేబు మారింది. అడగకూడదు, వస్తున్నాడు, వస్తున్నాడు అనుకున్నాను. నవంబర్ ఇరవై ఏడు, బుధవారం, భోజనం దగ్గర అన్నాడు: "ఆదివారం చర్చి అయ్యాక పెడతాను. మెన్నోని కాగితాలు తెమ్మను."

నేను లేచి వెళ్ళి స్నానాలగదిలో ఏడ్చాను. మెన్నోకి ఫోన్ చేశాను. అన్నీ సిద్ధంగా ఉన్నాయి, ఆదివారం సాయంత్రమే పంపేద్దామన్నాడు. ఈ రాత్రే కాగితాలు తీసుకురా, ఇప్పుడే పెట్టిద్దాం అని అనాలని నాకు తోచలేదు. ఎనిమిది నెలలు ఆగినదాన్ని, నాలుగు రోజులు ఏముందిలే అనుకున్నాను.

శుక్రవారం ప్రభుత్వం తలుపు మూసేసింది. మాలాంటి ఐదుగురి గుంపుల నుంచి కొత్త దరఖాస్తులేవీ తీసుకోరు, వచ్చే ఏడాది ఆఖరు దాకా. అప్పటికే చాలా పేరుకుపోయాయట. మెన్నో ఫోన్ చేసి చెప్తుంటే నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాను.

ఏబ్‌కీ చెప్పాను. విన్నాడు. ఆదివారం చర్చి అయ్యాక మెన్నో దగ్గరికి వెళ్ళి కాగితాలు తెమ్మన్నాడు. మెన్నో "ఇప్పుడెందుకు ఏబ్, తీసుకోరు కదా" అన్నాడు.

"ఆదివారం పెడతానన్నాను" అన్నాడు.

అందరూ కోట్లు వేసుకుంటుండగా బల్ల మీద వంగి, మెల్లగా, బడిపిల్లాడిలా పేరు మొత్తం రాశాడు. చేతులు కాలాక ఆకులు! నాకు ఒళ్ళు మండిపోయింది. కారులో అరిచాను, నలభై ఆరేళ్ళలో అలా అరవలేదు. ఏబ్ ఇంటికొచ్చి షెడ్డులోకి వెళ్ళాడు. చీకటిపడ్డాక వెళ్ళి చూస్తే దీపం కూడా వేసుకోలేదు, ట్రాక్టరు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఇంక అరవలేకపోయాను.

మెన్నో పార్లమెంటు సభ్యుడికి రాశాడు. సానుభూతితో ఒక జవాబు వచ్చింది. లోర్నా ప్రార్థన పెట్టించింది. రుడీ వచ్చాడు, నిజంగా, టోపీ చేత్తో పట్టుకుని, "నేనేమైనా చెయ్యొచ్చా ఇర్మా" అని. ఇప్పుడు ఊళ్ళో సంతకాలకి కొదవ లేదు. ఇంకో పదిమంది పెడతామంటున్నారు.

నన్ను క్షమించమని అడగడానికి కూడా ముఖం చెల్లట్లేదు.

ఇర్మా


కాల్గరీ
29 డిసెంబర్ 2024, ఆదివారం

ఇర్మా అమ్మకు,

మీ ఉత్తరం పండగ ముందు రోజు వచ్చింది. కానీ సంగతి నాకు ముందే తెలుసు. ఆ శుక్రవారమే మా చర్చిలో ఎవరి ఫోన్ చూసినా అదే. వాళ్ళంతా ఏడుస్తుంటే నేను లేచి కాఫీ కప్పులు కడిగాను. ఇంకేం చేయాలో తెలియలేదు.

మీ మీద కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. వస్తే బాగుండేది. ఏబ్ గారి మీదా రావట్లేదు. మీరు ఆయన పరువు కాపాడాలనుకున్నారు, ఆయన మాట కాపాడుకోవాలనుకున్నారు, నేను తమ్ముడిని కాపాడుకోవాలనుకున్నాను. ఎవరూ చెడు చేయలేదు. ఇలా అయింది. ఆయన్ని షెడ్డులో కూర్చోనివ్వకండి, చలి. ఈ కింద రాసేది మాత్రం ఆయనకి చదివి వినిపించకండి.

ఈ పొద్దున మెర్హావి ఫోన్ చేశాడు. నెలరోజులుగా ఏవేవో మాట్లాడి పెట్టేస్తున్నాను, ఇవాళ చెప్పేయాలనే ఫోన్ తీశాను. తెస్ఫాయ్ పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకున్నాడు.

నన్ను నోరు తెరవనివ్వలేదు. "అక్కా, విన్నావా, కెనడా వాళ్ళు తలుపు మూసేశారు!" అన్నాడు. కంపాలాలో వాళ్ళ వీధంతా ఏడుపులేనట. వాళ్ళ గదిలోనే ఒకడి కాగితాలు ఎడ్మంటన్‌లో ఎవరో సంతకం చేస్తాం చేస్తామంటూ ఆలస్యం చేశారట. వాడు మొన్న మంగళవారం లిబియా వెళ్ళిపోయాడు. మెర్హావి తన జాకెట్ విప్పి వాడికిచ్చాడట. "నాకెందుకులే, నేను వెళ్ళే చోట మీ ఓపా ఎలాగూ కోటు కొంటాడుగా" అన్నాడు. "మనది ఏప్రిల్లోనే వెళ్ళిపోయింది కాబట్టి సరిపోయింది. మీ ఊరివాళ్ళు దేవుళ్ళక్కా. నేనొచ్చాక వాళ్ళ ఊళ్ళోనే ఉంటాను, నీ దగ్గరికి పండక్కి వస్తాలే, ఏమీ అనుకోకు" అన్నాడు.

తెస్ఫాయ్ నా చెయ్యి వదిలేసి వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

తర్వాత మెర్హావి అడిగాడు. పంపిన దరఖాస్తుకి ఒక నంబరు ఇస్తారటగా, ఇక్కడ ఉన్నవాళ్ళంతా తమ నంబరు మంచం దగ్గర గోడ మీద రాసుకున్నారు, మనది నువ్వు ఇవ్వనేలేదు, అదొక్కటి చెప్పు, రాసుకుంటాను అని.

మెన్నో గారిని అడిగి చెప్తానన్నాను.

"తొందరేం లేదక్కా, ఎలాగూ మూడేళ్ళు పడుతుందిగా" అని నవ్వాడు.

సెనైత్